అంగట్ల కొన్న నాలుగు పెట్టలు

సచ్చిన కోళ్లకు ఇంకొక్క గుంత తవ్వాలె, ఈ లోతు సాలదు, కుక్కలు తోడుకపోతయి, సున్నం చల్లి మోకాటి లోతున పూడ్చాలె అన్నడు పశువుల దవాఖాన సారు, మోకాలంటే గుర్తుకొస్తది, దొంతన్‌పల్లిల కాలేజి హాస్టల్ వంటింట్ల తొమ్మిదేండ్లు నిలవడి నిలవడి అరిగిన మోకాళ్లు నాయి, ఇంక నాతోని కాదు, ఇంటికాడనే జరన్ని కోళ్లు సాదుకుంట అంటే మా ఇంటాయన మల్లేశ్ ఏమన్నడు, మొయినాబాద్ చేవెళ్ల నడుమ ఆటో తిప్పుకునేటోన్ని, కోళ్ల సంగతి నాకేమెరుక మమతా అన్నడు, అన్నడు గని వెదురు తడకలు తెచ్చి ఆలూరుల మా పెరట్ల గూడు కట్టింది ఆయననే, పన్నెండు పిల్లలతోని మొదలువెట్టిన, పొద్దుగాల గూట్లె చెయ్యి వెడితే వెచ్చగ గుడ్డు తాకుతుండె, అబ్బ, ఇప్పుడు అండ్ల మూడే మిగిలినయి, రోగానికి మెడ తిరగనియి మూడు.

చేవెళ్ల అంగట్ల కొన్న ఆ నాలుగు పెట్టలు, ఆటోల వస్తుంటెనే ఒకటి తల వాల్చింది, ఎండకేమో అనుకున్న, కొత్తయి తెస్తే పదిహేను రోజులు వేరే ఉంచమ్మా అని సారు ముందే చెప్పిండు, మర్చిపోయిన్నా, లేదు, మర్చిపోలే, ఆ రోజు బాగ అలసిపోయిన, ఇంకో గూడు ఎవరు కడుతరు, రేపు చూద్దాం తియ్యి అని అన్నిటిని కలిపి తలుపు వెట్టిన, నాలుగొద్దులకు పచ్చటి రెట్ట, గొంతుల గురగుర, మెడ మెలివడి కిందవడుడు, పాతయి గుడ ఒక్కొక్కటి, మా గోడకు సందున్నది, నా కోళ్లు పక్కింటి సాయమ్మవ్వ పెరట్లకు, ఆమెయి మా పెరట్లకు, అన్ని ఒక్క తాననే మేస్తయి, ఆమెయి అయిదూ పోయినయి, ఆమె అరచేతుల గింజలు తినే ఎర్ర పుంజు గుడ, అయినా నిన్న వచ్చి నా చేతులకెల్లి పార గుంజుకొని తనే తవ్వింది ముసల్ది, ఏడ్వకు బిడ్డా, రమ కన్నే తగిలింది, గుడ్లకని వచ్చి, ఎన్ని కోళ్లు అక్కా అని నోరు తెరిచింది గద అన్నది, నేను పార దిక్కు చూసుకుంట నిలవడ్డ.

రమ వెనక గల్లీల జాకెట్లు కుడ్తది, బిడ్డ సంజనకు జ్వరం తగ్గింది, గుడ్డు వెట్టమన్నరు అని వచ్చింది పాపం, మొన్న నల్లకాడ సాయమ్మవ్వ అందరి ముంగట, నీ కన్ను మండ, నా పుంజును మింగితివి గదనే అంటే, రమ సగం బిందె ఎత్తుకొని పోయింది, నేనక్కడ్నే ఉన్న, నా బిందె నిండేదాక ఉన్న, నిండి పొర్లుతున్నా ఉన్న, అప్పటిసంది కుట్టనీకి బట్ట వట్టుకొని ఆమె కడప ఎవ్వరు ఎక్కుతలేరట, పక్కకు తిరిగి పోతున్నరట.

గుంత పూడ్చిన, చేతులకు సున్నం మంట, గోడ మీదికెల్లి సాయమ్మవ్వ చాయ్ గిలాస అందించింది, తాగు బిడ్డా, మొఖం ఎట్ల గుంజుకపోయిందో చూడు, అన్నది, ఆ మాటకే అనుకుంట నా నోరు తెరుసుకున్నది, అవ్వా, కన్ను కాదు, తెగులు, నేను తెచ్చిన పెట్టలతోని వచ్చింది, వేరే ఉంచమన్నరు, నేను ఉంచలే, అన్న, పుంజు కోసం అవ్వ తిడుతది, తిట్టనియ్యి అనుకున్న, నీకెప్పుడు తెలిసె అన్నది, మొదటి కోడి పోయినప్పుడే అన్న, మరి నల్లకాడ ఆ పిల్లను నేను అంతంత మాటలంటుంటే నీ నోట్లె ఏమున్నదే, అన్నది, కాళ్లకు చెప్పులు తొడిగింది, నడువు, అన్నది, ఎక్కడికవ్వా, ఎక్కడికేంది, అన్నదాన్ని నేను, అననిచ్చినదానివి నువ్వు.

రమ మిషన్ మీద కూసున్నది, లేవలే, లోపలికి రాండ్రి అనలే, తప్పయింది బిడ్డా, కన్ను కాదట, ఈమె తెచ్చిన పెట్టల తెగులట, పెద్దదాన్ని అయ్యి నోరు జారిన, నల్లకాడ అన్నది నల్లకాడనే వాపస్ తీసుకుంట, రేపు అందరుంటరు, అన్నది సాయమ్మవ్వ, రమ ఆమె దిక్కు చూడలే, నన్నే చూసింది, నీకు తెలుసా అక్కా, ఆ రోజే, అన్నది, తెలుసు అన్న, పర్వాలేదు అంటదేమో అని చూసిన, అనలే, తల వంచి మిషన్ తొక్కుడు మొదలువెట్టింది, సూది కింద నీలం బట్ట జరుగుతున్నది, మేమిద్దరం కడప బయట నిలవడ్డం, మోకాళ్లు గుంజుతున్నయి, కూసోవాలనిపిస్తలేదు, పెట్టలను కలిపి మూసిన రోజు నేను నిజంగనే అలసిపోయి ఉంటి, ఆ మాట ఎవరికన్న చెప్పుకోవచ్చు, గని నల్లకాడ నేను అలసిపోయి లేను, ఒక్క మాట చెప్పెటంత ఓపిక నాకు ఆ పొద్దు ఉండె.