పర్సులో ప్రయాణించిన నంబరు

జులైలో ఒక శుక్రవారం, జ్యూరిచ్ నగరంలో మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, నా నంబరును నా దగ్గర్నుంచి తీసేసి మరొక సిమ్ముకు ఇచ్చారు. అప్పుడు చౌటుప్పల్‌లో సాయంత్రం నాలుగున్నర దాటింది.

నేను ఒక సిమ్ కార్డును. ఉత్తరాదిలో ఏదో ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ రేకు మీద నన్నూ నాలాంటి వాళ్లనూ వరసగా అచ్చువేసి, తలా ఒక చిప్పు అతికించి, కత్తిరించి, కవర్లలో పెట్టారు. అప్పటికి నాకు నంబరు లేదు. నంబరు లేని సిమ్ము ఎవరికీ ఏమీ కాదు. చౌటుప్పల్‌లో హైవే పక్కన గొడుగు వేసుకుని కూర్చున్న ఒకతని డబ్బాలో కొన్ని నెలలు పడి ఉన్నాను. ఒకరోజు దూడల సోమనర్సయ్య భార్యతో కలిసి వచ్చి నన్ను కొన్నాడు.

సోమనర్సయ్యది దగ్గర్లోని ఊరు. ఇక్కత్ చీరలు నేస్తాడు. నూలుకు రంగులు అద్దేదీ ఆయనే. గొడుగు కింది మనిషి ఆయన బొటనవేలును యంత్రం మీద పెట్టించాడు. యంత్రం ఒప్పుకోలేదు. తుడిచి పెట్టించాడు, తడిపి పెట్టించాడు. రంగుల్లో నానిన ఆ వేలి మీద గీతలు మిగల్లేదు. చివరికి భార్య అండాలు వేలు పెట్టింది. పచ్చదీపం వెలిగింది. అలా నేను కాగితాల్లో అండాలు పేరునా, జేబులో సోమనర్సయ్య దగ్గరా ఉండిపోయాను. ఫోన్లు మూడు మారాయి. నన్ను మాత్రం ఒకదాన్నుంచి మరొకదాంట్లోకి మార్చుకుంటూ వచ్చారు.

ఆ ఇంట్లో నంబరు అడిగిన ప్రతి కాగితం మీదా నన్నే రాశారు. గ్యాసుకు నేనే, బ్యాంకుకు నేనే, చేనేత సొసైటీకి నేనే. కూతురు శివానికి సొంత ఫోను వచ్చింది. అయినా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ దరఖాస్తులో తన నంబరు రాసుకోలేదు. నాయిన నంబరు రాయడం ఆ ఇంటి అలవాటు. రాసేటప్పుడు ఎవరూ ఆలోచించరు.

తండ్రి డిజైన్లను శివాని కంప్యూటర్లో గళ్ల కాగితం మీదికి ఎక్కిస్తుంది. కంప్యూటర్ కోర్సు చదవాలనుకుంది. ఆమె కోరుకున్నది ఒక్క కాలేజీనే. ఊరి నుంచి బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగిన దూరంలో ఆ కోర్సు ఉన్న ప్రభుత్వ కాలేజీ అదొక్కటే. దూరం కాలేజీలో చేరితే హాస్టల్లో ఉండాలి. అప్పుడు డిజైన్లు ఎక్కించేవాళ్లు ఇంట్లో ఉండరు.

జూన్‌లో ఒక చేనేత సంస్థ సోమనర్సయ్యను యూరప్‌లో జరిగే ప్రదర్శనలకు ఎంపిక చేసింది. మొదట ఇటలీ, తర్వాత స్విట్జర్లాండు, ఆఖరున జర్మనీ. నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

మూడు దేశాల్లో ఫోను ఎలా పనిచేస్తుందన్న దాని మీద ఆ ఇంట్లో వారం రోజులు చర్చ జరిగింది. నన్ను ఫోన్లోనే ఉంచి రోమింగ్ ప్యాకు వేయించడం ఒక దారి. దిగిన ప్రతి దేశంలో అక్కడి సిమ్ము కొనడం ఇంకో దారి. మూడోది, యూరప్ మొత్తానికి కలిపి అమ్మే ఒకే సిమ్ము. శివాని వీడియోలు చూసి మూడోదాన్ని ఖాయం చేసింది. ఆ ప్లాను ఏయే దేశాల్లో పనిచేస్తుందో చూపించే మ్యాపును ఫోన్లో తెరిచింది. పనిచేసే దేశాలకు నీలం రంగు వేశారు. నీలం మధ్యలో ఒక తెల్ల మచ్చ ఉంది.

"ఇటలీ ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది."

"జర్మనీ?"

"ఉన్నది నాయినా."

"నడుమ ఇంకోటి ఉండె గద?"

"నడుమ ఉన్నదంటే అండ్లనే ఉన్నట్టు గద. యూరప్ అని రాసిన్రు సూడు. ఆ తెల్లది చెరువేమో."

"బువ్వ సల్లారుతాంది," అని వంటింట్లోంచి అండాలు అరిచింది. "తిన్నంక ఏరుకుందురు దేశాలు."

తిన్న తర్వాత ఆ విషయం మళ్లీ ఎవరూ తీయలేదు.

ఇంకో చిక్కు మిగిలింది. ఆ ఫోన్లో గదులు రెండే. ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో మెమరీ కార్డు. ఆ కార్డులో సోమనర్సయ్య నేసిన ప్రతి డిజైను ఫొటో ఉంది. కొనేవాళ్లకు చూపించాల్సింది వాటినే. కార్డు తీయడానికి ఆయన ఒప్పుకోలేదు. కాబట్టి నన్ను తీశారు. విమానం ఎక్కేముందు శంషాబాద్‌లో నన్ను పర్సు జిప్పు అరలో పెట్టి, నా గదిలో యూరప్ సిమ్మును కూర్చోబెట్టారు. దానితో డేటా తప్ప కాల్స్ పోవు, మెసేజీలు రావు.

సోమనర్సయ్యకు అనుమానం రాలేదు. కారణం వాట్సాప్. నేను పర్సులోకి వెళ్లాక కూడా వాట్సాప్‌లో ఆయన పేరు కింద నా నంబరే కనిపించింది. మిలాన్ నుంచి ఇంటికి చేసిన కాల్స్ అన్నీ ఆ నంబరు మీదే వెళ్లాయి. నంబరు ఫోన్లోనే ఉందని ఆయన అనుకున్నాడు. ఆ నంబరు తన నడుం దగ్గర, తోలు పర్సులో, రెండు నాణేల మధ్య ఉందని అనుకోలేదు.

గురువారం సాయంత్రం శివాని వీడియో కాల్ చేసింది. కోరుకునే కాలేజీల వరసను కౌన్సెలింగ్ సైటులో ఎక్కించడానికి శుక్రవారం ఆఖరి రోజు. సాయంత్రం ఆరుకు సైటు మూసేస్తారు. ముందే ఎందుకు ఎక్కించలేదంటే, సీనియర్లు ఆఖరి రోజు దాకా ఆగమన్నారు. అందరూ ఆగారు.

"రేపు ఓటీపీ వస్తది నాయినా. రాంగనే చెప్పాలె. అది కొడితేనే లిస్టు సేవ్ అయితది."

"చెప్పకపోతే నిద్రపోతనా? ఫోను చేతుల్నే ఉంటది."

ఫోను చేతిలోనే ఉంది. అది నిజం.

శుక్రవారం పొద్దున్నే మిలాన్ నుంచి బస్సు బయల్దేరింది. సరిహద్దు దాటిన కొద్దిసేపటికి యూరప్ సిమ్ము పనిచేయడం మానేసింది. మ్యాపులో తెల్ల మచ్చ చెరువు కాదు, స్విట్జర్లాండు.

సోమనర్సయ్య ఫోను ఆపి, వెలిగించి, కిటికీకి ఆనించి చూశాడు. పక్క సీట్లో, ఆ ప్రదర్శనలకే వచ్చిన అలివేలు ఉంది. ఆమెది పెడన, కలంకారీ అచ్చుల పని. ప్లాను జోలికే పోలేదు.

"నాకా గొడవే లేదండీ బాబూ," అంది. "హోటల్లో వైఫై ఉంటే మాట్టాడతాను, లేకపోతే మా ఆయనకి ప్రశాంతత."

"ఊరు దాటితే వస్తదేమోనమ్మా."

"వస్తది లెండి. కొండలడ్డం వచ్చుంటాయి."

కొండలు దాటాయి. సిగ్నలు రాలేదు.

బస్సు హోటలుకు పోకుండా నేరుగా జ్యూరిచ్‌లోని ప్రదర్శన హాలుకు వెళ్లింది. అక్కడ వైఫై ఉంది. అందులోకి వెళ్లాలంటే ఫోన్ నంబరు కొట్టాలి, ఆ నంబరుకు వచ్చే కోడు చెప్పాలి. సోమనర్సయ్య నా నంబరు కొట్టి, కోడు కోసం ఎదురుచూశాడు. రెండోసారి కొట్టాడు. చీరలు విప్పి స్టాలు సర్దుతూ మధ్యమధ్యలో ఫోను చూశాడు. అలివేలు అచ్చులు సర్దడం ఆపింది.

"ఏవండీ, మీ ఇండియా సిమ్మెక్కడ?"

"పర్సుల."

"పర్సులో ఉంటే కోడెట్టా వస్తదండీ?"

"నంబరు వాట్సాప్‌ల ఉన్నది గదమ్మా."

"వాట్సాప్‌లో ఉన్నది పేరేనండీ. మనిషి పర్సులో ఉన్నాడు." బస్సులో ఆయన చెప్పింది ఆమెకు గుర్తొచ్చింది. "మరి మీ అమ్మాయి ఓటీపీ?"

సోమనర్సయ్య స్టాలు బల్ల మీద కూర్చున్నాడు. తర్వాత పర్సు తీశాడు. ఫోన్లో సిమ్ము ఉండే అర తెరవడానికి పుల్ల కావాలి. అలివేలు తన గాజుకు వేలాడుతున్న పిన్నీసుల్లోంచి ఒకటి తీసి ఇచ్చింది. పిన్నీసు రెండుసార్లు జారింది. ఆమే లాక్కుని గుచ్చింది. యూరప్ సిమ్మును తీసి నన్ను పెట్టారు.

నాకు అక్కడి నెట్‌వర్కు దొరికింది. నా కోసం దారిలో ఆగి ఉన్న మెసేజీలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. శివాని పొద్దుట్నుంచి అడిగిన ఓటీపీలన్నీ ఉన్నాయి. ఒక్కోదాని ఆయుష్షు పది నిమిషాలు. అన్నిటికీ గడువు దాటింది.

"వచ్చినయి!" అన్నాడు సోమనర్సయ్య.

"చచ్చినయ్యండీ అవి. కొత్తది పంపమనండి."

కొత్తది పంపమని చెప్పడానికి మార్గం లేదు. హాలు వైఫై ఒక నంబరుకు రోజుకు రెండుసార్లే కోడు పంపుతుంది. నాకు బయటికి కాల్ చేసే ప్యాకు వేయించలేదు. డేటా సిమ్ము పిన్నీసు పక్కన బల్ల మీద ఉంది. అలివేలు పక్క స్టాలుకు వెళ్లి, అక్కడ కొవ్వొత్తులు అమ్ముతున్న ఆమెను చేతులతో అడిగి ఫోను తెచ్చింది. సోమనర్సయ్య శివాని నంబరు కొట్టాడు. రెండుసార్లు మోగి కట్ అయింది. మళ్లీ కొట్టాడు. మొదటి రింగులోనే కట్ అయింది.

అక్కడ ఏం జరుగుతోందో మాకు తర్వాత తెలిసింది. అప్పుడు శివాని, అండాలు చౌటుప్పల్‌లో సిమ్ముల షాపులో ఉన్నారు. తండ్రికి వాట్సాప్ వెళ్లడం లేదు. ఓటీపీ రావడం లేదు. సిమ్ము అండాలు పేరున ఉంది కాబట్టి, అదే నంబరుతో కొత్త సిమ్ము ఆమెకు ఇవ్వొచ్చని షాపువాడు చెప్పాడు. శివాని సంతోషించింది. అంతలో ఆమె ఫోన్లో విదేశీ నంబరు మోగింది.

"ఎత్తకే!" అంది అండాలు. "ఫారిన్ నంబర్లు ఎత్తితే బ్యాంకుల ఉన్నదంత ఊడ్సుకపోతరట. టీవీల చెప్పలే?"

"నాకెర్క లేదా అమ్మా," అని శివాని కట్ చేసింది. రెండోసారి మోగితే బ్లాక్ చేసింది.

అండాలు యంత్రం మీద బొటనవేలు పెట్టింది. పచ్చదీపం వెలిగింది.

జ్యూరిచ్‌లో సోమనర్సయ్య మూడోసారి కాల్ చేస్తుండగా, నేనున్న ఫోను తెర మీద 'సర్వీసు లేదు' అని వచ్చింది. ఆయన నన్ను తీసి తుడిచాడు. ఊదాడు. మళ్లీ పెట్టాడు. ఒక ప్లాస్టిక్ ముక్కకు చేయగలిగిన మర్యాదలన్నీ చేశాడు. నేను చేయగలిగింది ఏమీ లేదు.

నా నంబరు చౌటుప్పల్‌లో కొత్త సిమ్ములోకి వెళ్లింది. శివాని ఓటీపీ అడిగింది. రాలేదు. మళ్లీ అడిగింది. అప్పుడు షాపువాడు, సిమ్ము మార్చిన నంబరుకు ఒక రోజంతా మెసేజీలు ఆపేస్తారని చెప్పాడు. దొంగలు నంబరు ఎత్తుకుపోకుండా పెట్టిన నిబంధన అది.

"ముందుగాల జెప్పొద్దా అన్నా?"

"మీరు ఓటీపీ కోసమని జెప్పిన్రా చెల్లె? సిమ్ము పోయిందన్నరు."

ఆరుకు సైటు మూశారు.

సాయంత్రం సోమనర్సయ్య హోటలుకు చేరాడు. వైఫై పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చారు. వాట్సాప్ తెరవగానే శివాని మెసేజీలు వరసగా వచ్చాయి. 'ఓటీపీ వచ్చిందా.' 'నాయినా.' 'అమ్మ కొత్త సిమ్ము తీసుకుంటాంది, నువ్వు ఫికరు జెయ్యకు.' 'టైమ్ అయిపాయె.'

ఆయన కాల్ చేశాడు. ఎత్తింది అండాలు.

"మధ్యాన్నం ఫోన్ జేసింది నేనే," అన్నాడు.

ఆ ఫారిన్ నంబరా అని అండాలు రెండుసార్లు అడిగింది.

"పిల్లేదీ?" అన్నాడు.

"పండుకున్నది. తినలే."

"రెండో విడత ఉంటదట గద?"

"ఉంటదట. దాంట్ల ఆ కాలేజీల సీట్లు మిగుల్తయో లేదో ఎవలూ జెప్తలేరు."

ఆయన ఫోను పెట్టేసి నన్ను మళ్లీ పర్సులో వేసుకున్నాడు. జర్మనీలో యూరప్ సిమ్ము బాగా పనిచేసింది. చీరల ఫొటోలు చూపించాడు. ఇద్దరు ఆర్డరు ఇచ్చారు. ఊరికి తిరిగొచ్చాక నన్ను మగ్గం పక్కన అరలో, అరిగిన నూలు కండెలు ఉండే డబ్బాలో వేశాడు. పారేయలేదు. ఎందుకు పారేయలేదో చెప్పలేదు.

మొదటి విడత జాబితా ఆ నెలాఖరున వచ్చింది. అందులో శివాని పేరు లేదు. ఆమె కోరుకున్న కాలేజీలో ఆ కోర్సు సీట్లన్నీ నిండాయి.