ఖిన్‌మేకి అంటగట్టిన పాపం

నేను ఒక నవలని. చరిత్రాత్మక నవల అని అట్టమీద బంగారు అక్షరాల్లో వేశారు, చూసుకోండి. ఆ రెండు మాటల్లో దేన్ని నమ్మాలో మీరే తేల్చుకోండి. నన్నడిగితే సిగ్గుతో చస్తాను.

నన్ను రాసింది చక్రధర్ అనే పెద్దమనిషి. ప్రాణం పోసింది మాత్రం అతని మేనత్త వరాలమ్మ. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళుండే విశాఖపట్నం బర్మా క్యాంపులో ఉంటుంది. రంగూన్‌లో సైనిక నియంత ఏలుబడిలో తాను బతికిన బతుకంతా ఆవిడ అతనికి చెప్పుకుంది. ఎవరో చాడీ చెబితే సిపాయిలు ఆవిడ మొగుడు, అక్కడ కొట్టు నడిపే ఎర్నాయుడి కోసం వచ్చారట. పక్కింటి బర్మా మనిషి ఖిన్‌మే వీళ్ళిద్దర్నీ తన వంటింట్లో దాచి, గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఇక్కడెవరూ లేరని తుపాకీ ముందే బొంకిందట. అలా బతికి బయటపడి ఓడెక్కారు. ఇప్పుడు ఎర్నాయుడు లేడు. ఖిన్‌మే ఏమైందో తెలీదు.

"దానికి దండం పెట్టుకునే యోగం కూడా లేకపోనాది. దాని మంచితనం ఒక పుస్తకంలో ఉంటే నాకదే సాలురా," అంది వరాలమ్మ. ఆవిడ అడిగిందల్లా అంతే.

నన్ను తెచ్చి చేతిలో పెట్టగానే కళ్ళకద్దుకుంది. అద్దాలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది. ఎర్నాయుడు మాట్లాడిన చోట నవ్వింది. సిపాయిలొచ్చిన చోట నా అంచు గట్టిగా పట్టుకుంది. చివరి ప్రకరణంలో ఏముందో నాకు తెలుసు కదా, ఆవిడ అక్కడిదాకా రాకపోతే బాగుండనుకున్నాను. ఎర్నాయుడి పేరు సిపాయిలకు చెప్పింది ఖిన్‌మేనే అని అక్కడుంది. వాళ్ళ కొట్టు మీద ఆశపడి చెప్పిందట, తర్వాత భయపడి దాచిందట!

చక్రధర్ వచ్చాడు.

"ఇదేట్రా? నానిలాగ సెప్పేనేటి?"

"నవలన్నాక చివర్లో ఒక మలుపుండాలత్తా. ఉన్నదున్నట్టు రాస్తే ఎవరు చదువుతారు?"

"దాని సేతి కూడు తిన్నాను. పేరైనా మార్సలేదు కదరా!"

"పేరు బాగుందని ఉంచేశాను," అని నవ్వేసి, తన సన్మాన సభకు టైమైందంటూ వెళ్ళిపోయాడు. ఆవిడనే కాదు, నన్నూ మోసం చేశాడు. నేను పుట్టింది ఒక మంచిమనిషిని తలుచుకోడానికి అనుకున్నాను.

పాత్రలన్నీ కల్పితమని నా లోపల చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఆ పేజీ ఎవరు చదివారు గనక? క్యాంపంతా నన్ను చేతులు మార్చుకుని చదివింది. "అందుకేనన్నమాట దాసింది! ఎంత నంగనాచి!" అని ఆడవాళ్ళు మెటికలు విరిచారు. వరాలమ్మ కాదు కాదంటూ ఇంటింటికీ తిరిగింది. "పెద్దదయిపోనాది, మర్సిపోయుంటాది పాపం," అన్నారు. అనుభవించిన మనిషి మాట కంటే అచ్చయిన మాటకే విలువెక్కువ మరి!

ఈమధ్య ఆవిడ ఎవరికీ చెప్పడం లేదు. నిన్న మధ్యాహ్నం నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆ ప్రకరణం మళ్ళీ చదివింది. తర్వాత ఎవరూ వినకుండా నన్నే అడిగింది.

"ఒలే, నిజం సెప్పు. ఖిన్‌మేనే సెప్పీసిందేటి?"

కాదని చెప్పడానికి నాలో ఒక్క పేజీ లేదు.