శుభలగ్నమున చల్లని యింజను

హేమంతము కృష్ణాతీరమున కాలుమోపిన దినములవి. తూర్పున వెలుగురేక పొడసూపకమున్నే నదీజలములనుండి లేచిన మంచు విజయవాడ నగరముమీద వ్రాలి కొండల నెత్తములను ధవళవస్త్రమువలె కప్పియుండియు ఆటోనగరునకు వచ్చుసరికి లారీల పొగతోను రంగుతుంపరలతోను కాలిన రబ్బరు కంపుతోను కలిసి తన తెల్లదనము గోల్పోయి దీర్ఘరోగి కంఠమున నిలిచిన శ్లేష్మమువలె ఇరుకుసందులలో ఇటు జారక అటు తేలక నిలిచియుండెను. చమురు త్రాగి నల్లబడిన నేలయు ఆ నేలపై ఎవ్వరో ఉమిసిన కిళ్ళీ మరకలును గుంటలలోని నీటిపై ఇంద్రధనుస్సువలె మెఱయు డీజిలుతెట్టును ఆ ప్రదేశమునకు ఉషఃకాలపు టలంకారములు.

అట్టి వేళ అందఱికంటె ముందుగా వచ్చి తన షెడ్డు తలుపు తెఱచు అలవాటు పాతకార్ల వర్తకుడగు చలువాది నరహరికి కలదు. అమ్మకమునకు నిలిపిన కార్ల యింజనులను కొనువారు రాకమున్నే కొంతసేపు నడిపి వెచ్చజేసి ఆర్పివేయుటకే ఆతడట్లు వచ్చుచుండెను. రాత్రియెల్ల చల్లబడిన యింజను తొలికూతలోనే తన రోగములన్నిటిని బయటపెట్టుననియు ఒకమారు వెచ్చబడినచో వానిని కడుపులో దాచుకొనుననియు బహుకాలానుభవముచే ఆతడెఱుగును. లోకమునెల్ల లాభనష్టముల త్రాసున తూచుట ఆతని స్వభావము. మేనల్లుని పెండ్లికి పోయిన చెడు పనియెంత పోకున్న కలుగు నిష్ఠురమెంత యని బేరీజు వేసికొనినగాని ప్రయాణము కట్టడు. తాను పెట్టిన నమస్కారమునకు బదులు రానిచోట రెండవ నమస్కారము ఖర్చుచేయడు.

ఆ యేట ఆతని షెడ్డులో నీలివర్ణపు విదేశీకారొకటి ఉండెను. వయసు మీఱినను మేను మెఱుగు చెడలేదు. తలుపులు మూసినచో వీథిలోని ధూళియు ధ్వనియు లోనికి సోకవు. దాని యింజను ప్రక్కన చిన్న కూజా ప్రమాణమున ఎయిర్ పంపు అను యంత్రముండెను. చల్లని యింజను మేల్కొనిన తొలి నిమిషమున సగము కాలిన పెట్రోలు సైలెన్సరువైపు పాఱుచుండగా ఈ పంపు బయటిగాలిని ఊది ఆ శేషమును దారిలోనే దహింపజేయును. అది పనిచేయకున్న ఆ కాలని పెట్రోలు విషమై బయటికి వెడలును. ఇంజను వెచ్చబడినంతనే పంపు పనియు ముగియును. ఆ కారు పంపు మూగవోయినందున ఆటోనగరు మెకానిక్కు ఖాదర్‌వలీ దానిని విప్పి బల్లపై బోర్లించగా త్రుప్పు కలిసిన నల్లనినీరు మురికికాల్వ అడుగు బురదవలె చిక్కగా జారి కుళ్ళుకంపు గొట్టెను. నరహరి రెండడుగులు వెనుకకు తగ్గెను.

"పంపు పోయింది సెట్టిగారూ. వాల్వు లీకయ్యి సైలెన్సర్ తేమంతా దీంట్లోకే దిగింది. కొత్తది తెప్పిద్దామా, రేకు కొట్టి దారి మూసేద్దామా?" అని ఖాదర్‌వలీ యడిగెను.

"పొద్దున్నే నిమిషం ఊది రోజంతా పడుకునేది. అట్టాంటి పనోణ్ణి ఎవడన్నా ఇంట్లో పెట్టుకుంటాడా? మూసెయ్."

"మరి డాష్‌బోర్డులో ఎర్రదీపం ఎలుగుతానే ఉంటది."

"దాని కన్ను పీకెయ్."

ఖాదర్‌వలీ నవ్వి ఆ రెండు పనులును చేసెను. నరహరి గణితమున ఆనాటికి లాభమే తేలెను.

కొలదిదినములకు సత్యనారాయణపురము నుండి త్రిపురసుందరమ్మ యను విశ్రాంత ప్రధానోపాధ్యాయిని కారు చూడవచ్చెను. ఆమె భర్త సీతాపతిగారు గుంటూరు జిన్నింగుమిల్లులో చిరకాలము పనిచేసి దూదిదుమ్మును రొమ్మున నింపుకొనిన మనుష్యుడు. వారమువారము ఆసుపత్రికి పోవలసిన ఆయనను ఆటోల పొగ సగము ప్రాణముతో ఇంటికి చేర్చుచున్నందున గట్టిగా మూయబడు తలుపులున్న కారు ఆమెకు కావలసివచ్చెను. ఆమె రంగును చూడలేదు. ఆసనమును తాకలేదు. నరహరిని సూటిగా చూచి ఒక్కటియే యడిగెను.

"మా వారి గది కిటికీ పక్కనే బండి పెట్టాలండీ. పొగ వాసన పీలిస్తే ఆయన తట్టుకోలేరు. స్టార్ట్ చేసినప్పుడు వాసనేమైనా ఉంటుందా? ఉన్నదున్నట్టు చెప్పండి."

తెల్లవాఱకముందే వెచ్చజేయబడిన యింజనును నరహరి ఆమె యెదుట నడిపి చూపెను. అది చక్కగా పెంచిన బిడ్డవలె సద్దులేకుండ పలికెను. "మీ పూజగదిలో పెట్టుకోవచ్చమ్మా" అని యాతడు నవ్వెను. ఆమె నమ్మెను.

ఆటోనగరు బేరములన్నియు ఒకే తీరున ముగియును. కొనినవారు కారును నడుపుకొని గుడికి పోయి పూజ చేయింతురు గనుక అప్పటికి ఇంజను వెచ్చగానే యుండును. కాని మంచులో సీతాపతిగారు గేటు దాటరాదని వైద్యుడు కట్టడి చేసియున్నందున వారి పురోహితుడు పూజ ఇంటిలోనే జరుపనిశ్చయించి మార్గశిర శుద్ధ పంచమినాడు సూర్యోదయమునకు పూర్వము లగ్నము పెట్టెను. ముందటి సాయంకాలమే బండి వచ్చి పోర్టికోలో నిలువవలెననియు పూజ యగువఱకు దానిని ఎవ్వరును నడుపరాదనియు ఇల్లాలే తొలుత తాళము త్రిప్పవలెననియు ఆయన యానతిచ్చెను. ఆ మాట వినిన క్షణమున నరహరి త్రాసు తొలిసారి నష్టమువైపు మొగ్గెను. బండి తుడిచెదనను నెపమున ఇంజను వెచ్చజేసి రమ్మని ఖాదర్‌వలీని వేకువనే పంపిచూచెను గాని త్రిపురసుందరమ్మ అప్పటికే బానెట్టునకు పసుపు పూసి యుండుటచే చేయి తగులనీయక వానిని వాకిటనే కూర్చుండబెట్టెను.

అమ్మినవాడు తాంబూలముతో తాళము లందీయవలయునను ఆచారము ననుసరించి నరహరియు వచ్చెను. కారు తూర్పుముఖమై యుండవలెనని ముందటి సాయంకాలమే దానిని వెనుకకు నడిపి నిలిపినందున సైలెన్సరు గొట్టము ఇంటిగోడవైపు తిరిగియుండెను. ఆ గోడచెంతనే కుర్చీలో శాలువ కప్పుకొని సీతాపతిగారు కూర్చుండిరి. పైన తక్కువ యెత్తు కప్పు. రెండు ప్రక్కల గోడలు. ఎదుట కదలని మంచు. చక్రముల క్రింద నిమ్మకాయ లుంచబడెను. హారతి వెలిగెను. త్రిపురసుందరమ్మ లోన కూర్చుండి దేవుని దలచి తాళము త్రిప్పెను.

చల్లని యింజను కసరుచు లేచెను. ఆ వెంటనే కాలని పెట్రోలు కంపు పచ్చిగా ఘాటుగా కనులు మండునట్లు వెడలి పోవుదారి లేక గోడకు కొట్టుకొని కప్పుక్రింద చుట్టలు చుట్టుకొని కర్పూరమును సాంబ్రాణిని మ్రింగి అచటివారి నోళ్ళలో లోహపు రుచియై దిగెను. పురోహితుడు ఉత్తరీయపుకొంగున ముక్కు మూసికొని మంత్రము మానక చదువుచుండెను. ఇల్లాలి తమ్ముడు దగ్గుచునే పాత బండన్నాక ఆమాత్రం ఉంటదిలే యని సర్దిచెప్పెను. వేఱొకడు పొగ లేచుట శుభసూచకమని పలికెను. ఆ ముఖస్తుతి పొగకంటె హేయముగా నరహరి చెవిని సోకెను. లగ్నము చెడునను భయమున ఒక్కరును కదలరైరి. సీతాపతిగారు సయితము భార్య ముచ్చటకు భంగము కలుగునని వచ్చు దగ్గును పెదవులలో బిగబట్టి నవ్వజూచిరి. ఆ నవ్వు నిలువలేదు. ఊపిరి లోనికి పోవుటకు దారి వెదకుచు ఈలవలె సన్నగా కూయసాగెను. గోళ్ళు కుర్చీచేతులను గీఱెను. పెదవులు నేరేడుపండు రంగునకు తిరిగెను.

నరహరి లెక్కవేసెను. ఇది యెంతసేపు? హారతి పళ్ళెము మూడు చుట్లు తిరుగునంతసేపు. ఆపైన ఇంజను వెచ్చబడును. కంపు తగ్గును. ఆయన తేఱుకొనును. మిఠాయి పంచిపెట్టుదురు. బేరము నిలుచును. లెక్క సరిపోయెను. కాని రేపటి ఉదయమును ఆ లెక్కలో కలుపవలసివచ్చెను. ఎల్లుండి ఉదయమును. ఈ కుర్చీ ఖాళీయగువఱకు వచ్చు ప్రతి ఉదయమును. ఆ మొత్తమును చూడగనే ఆటోనగరు బల్లపై పంపునుండి జారిన నల్లనినీరు తన గొంతులోనికి ఎక్కినట్లు ఆతనికి తోచెను. ముందుకు దూకి కారు తలుపు లాగి త్రిపురసుందరమ్మ చేతిమీదుగా వంగి తాళము వెనుకకు త్రిప్పెను.

"ఎంత పని చేశావయ్యా. హారతి పూర్తి కాకుండా ఆర్పుతారా?" అని పురోహితుడు నిర్విణ్ణుడయ్యెను.

నరహరి ఆయనను చూడలేదు. "దీంట్లో గాలి కొట్టే పంపు లేదమ్మా. చెడిపోతే నేనే మూయించాను. రోజూ పొద్దున ఇంతే" అనెను.

ఆమె భర్తను చేయిపట్టి లోనికి గొనిపోయి కిటికీతలుపులు బిగించెను. లోపల మందుపీల్చు చప్పుడును దగ్గును దానివెంట దీర్ఘమైన ఊపిరియు వినవచ్చెను. పిమ్మట ఆమె వెలికి వచ్చెను.

"నేను అడిగానా మిమ్మల్ని?"

"అడిగారమ్మా."

"ఎందుకడుగుతున్నానో కూడా చెప్పాను."

"చెప్పారు."

"ఆ ఇంజను ఈ వాకిట్లో మళ్ళీ మోగకూడదు. తోసుకుపొండి."

ఖాదర్‌వలీ తలుపు తెఱచి స్టీరింగు పట్టుకొని ప్రక్కన నడిచెను. నరహరి వెనుకకు పోయి డిక్కీపై రెండు చేతులు మోపి త్రోసెను. నిమ్మకాయలు చిదికి చక్రముల కంటుకొనెను. పసుపుకుంకుమలతో బంతిమాలలతో పెండ్లికూతురివలె నున్న కారు మూగదై సందులోనికి వెడలగా ముగ్గులు వేయుచున్న ఆడువారు తలలెత్తి చూచిరి. కొత్త బండికి మిఠాయిలేవీ సెట్టిగారూ యని పాలుపోయువాడు పలుకరించెను. నరహరి తల వంచి త్రోయుచునే యుండెను.

"గేటు దాటాం గదా. ఇంక స్టార్ట్ చెయ్యనా?" అని ఖాదర్‌వలీ మెల్లగా అడిగెను.

సందున కిరుప్రక్కల పడకగదుల కిటికీలు చలికి ఓరగా తెఱచియుండుట నరహరి చూచెను. వాని వెనుక ఎవ్వరు నిద్రించుచున్నారో ఎవ్వరి రొమ్ము ఎట్టిదో ఆతడెఱుగడు. ఇంతకుముందెన్నడును ఎఱుగ నక్కఱ కలుగలేదు.

"వద్దు. సందు చివరిదాకా తోద్దాం" అనెను.

దారి కొంచెము మెఱకయై యుండెను. బరువునకు వంగినకొలది ఆతని ముఖము సైలెన్సరు గొట్టమునకు చేరువయ్యెను. అందు నిలిచిన వెచ్చని పాచికంపు ప్రతి యడుగునకును ఆతని నోటిలోనికి ఊదుచుండెను. రెండు చేతులును బండికే కావలసియున్నందున ముక్కు మూసికొనుటకు ఆతనికి చేయి మిగులలేదు.