కాఫీకి దోషం లేదు

"మానెయ్యడమెంతసేపు? తాగకపోతే సరి," అన్నాడు మణిశంకర్ పేపరు మడత విప్పుతూ. ఆ మాట పూర్తవుతూనే, "డికాషన్ దిగిందా?" అని అడిగాడు.

దిగలేదు. ఉమాశ్రీ ఇత్తడి ఫిల్టరు పై గిన్నెను అరచేత్తో రెండుసార్లు తట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నది. చుక్కలు పడుతున్న చప్పుడు సన్నగా వినిపించింది. ఆ ఇంట్లో మొదటి డికాషన్ మగవాళ్ళది. అదే పొడి మీద మళ్ళీ వేడినీళ్ళు పోస్తే దిగే రెండో డికాషన్ ఆడవాళ్ళది. ఈ ఏర్పాటును ఎవరు, ఎప్పుడు చేశారో ఆమె అడగలేదు. రాజమండ్రి ఆర్యాపురంలోని ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాడే అత్తగారు సీతారామలక్ష్మి రెండు గ్లాసులు చూపించి, "ఇది వాడిది, ఇది మనది," అన్నది. అది జరిగి ఇరవై నాలుగేళ్ళు. రెండోది పలచన గనుక ఒక గ్లాసు చాలేది కాదు. నాలుగున్నరకు లేవగానే ఒకటి, వంట మధ్యలో ఒకటి, ధవళేశ్వరం హైస్కూల్లో మూడో పీరియడ్ తర్వాత ఒకటి, మధ్యాహ్నం ఒకటి, ఇంటికి రాగానే నిలబడే ఒకటి. తొమ్మిది గంటలకు పిల్లల నోటుబుక్కులు ముందేసుకున్నప్పుడు మరొకటి.

జీవశాస్త్రం టీచరు గనుక ఆ గ్లాసులో ఏముందో ఆమెకు తెలుసు. పొద్దుటి నుంచి మెదడు పనిచేసిన కొద్దీ ఒక పదార్థం పోగవుతూ, ఇక చాలు, విశ్రాంతి తీసుకో అని చెబుతుంది. కెఫీన్ వెళ్ళి, ఆ కబురు అందవలసిన చోటును ముందే ఆక్రమించుకుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, అలసిపోయామన్న సమాచారం మాత్రం ఆగిపోతుంది. తొమ్మిదో తరగతికి ఈ సంగతి చెప్పినప్పుడల్లా, చెబుతున్న తనను నిలబెట్టింది మూడో పీరియడ్ కాఫీయేనని తలచుకుని లోలోపల నవ్వుకునేది.

జూలైలో ఒకనాడు ఆ పాఠం మధ్యలోనే గుండె ఒక మెట్టు దాటేసినట్టయింది. తర్వాత వారానికి రెండుసార్లు, ఆ పైన రోజూ. డాక్టర్ సత్యకుమారి ఈసీజీ తీసి, ఎన్ని కాఫీలు తాగుతారని అడిగింది. లెక్క విని కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"పది రోజులు పూర్తిగా మానేసి రండి. అప్పుడు ఇరవై నాలుగ్గంటల మెషిన్ పెడతాను. దడ తగ్గితే అది కాఫీ పని. తగ్గకపోతే గుండెలో వెతకాలి. మధ్యలో ఒక్క కప్పు తాగినా ఏమీ తేలదు, మళ్ళీ ఒకటో రోజు నుంచే."

ఇలా చెబితే ఉమాశ్రీకి నచ్చుతుంది. ఒక్క అంశాన్ని మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి, ఏం జరుగుతుందో చూడడం. మానేసిన రెండో రోజూ మూడో రోజూ తలనొప్పి తారస్థాయికి చేరుతుందని ఆమె చదివింది. అందుకని శుక్రవారం మొదలుపెట్టింది. మర్నాడు రెండో శనివారం, ఆ పై ఆదివారం. బాధంతా సెలవుల్లో పడి అక్కడే ముగిసిపోతుందని లెక్క.

మణిశంకర్ సిగరెట్లు మానినప్పటి సంగతి ఆమెకు గుర్తుంది. ఇంటిల్లిపాదీ నలభై రోజులు మునివేళ్ళ మీద నడిచారు. టీవీ గొంతు తగ్గించారు. ఉప్పు తక్కువైందని అతను కంచం తోసేస్తే, "వాడి బాధ వాడిది, పట్టించుకోకే అమ్మాయీ," అన్నది అత్తగారు. ఏలకులూ లవంగాలూ పొట్లాలు కట్టి అతని జేబులో పెట్టింది తానే. మానగలిగినందుకు బంధువులందరూ అతని మనోబలాన్ని మెచ్చుకున్నారు. ఉమాశ్రీ కూడా మెచ్చుకుంది. ఆ మెప్పులో తన పొట్లాల వంతు ఎంతని అప్పట్లో ఆమెకు తోచలేదు.

శుక్రవారం పొద్దున తాను తాగలేదు గాని కలపడం మానలేదు. భర్తకు ఒకటి, అత్తగారికి ఒకటి, మెట్ల మీద నుంచి పిలిచిన పక్కింటాయనకు ఒకటి. పాలు పొంగి డికాషన్‌లో కలిసేటప్పటి వాసన ముక్కు దాకా వచ్చి ఆగదు, ఎక్కడో మెడ వెనక పట్టుకుంటుంది. స్కూల్లో హెడ్మాస్టరు జానకిరామ్ స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, "ఏంటి మేడమ్, ఇవాళ మాకు కాఫీ యోగం లేదా? మీరు కలపకపోతే ఇక్కడ తాగేవాళ్ళెవరండీ!" అన్నాడు. లెక్కల మాస్టారు నవ్వాడు. ఆ గదిలో ఆమె కన్నా సీనియర్ ఎవరూ లేరు. లేచి కలిపి ఇచ్చింది. నాలుగు గంటలకు కుడి కన్ను వెనక నొప్పి మొదలైంది. ముందే ఊహించిన నొప్పి గనుక భయపడలేదు.

సాయంత్రం ఆమె చెప్పులు విడుస్తుండగా మణిశంకర్ ఫోను పెట్టేసి, "అన్నట్టు మన పురోహితులు కామేశం గారు ఎల్లుండి తొమ్మిదింటికల్లా వచ్చేస్తారట," అన్నాడు.

"ఎందుకండీ?"

"ఎందుకేంటి? నాన్నగారి తద్దినం."

ఉమాశ్రీకి ఒక్క క్షణం అర్థం కాలేదు. కిందటేడు తద్దినం ఇరవై నాలుగో తేదీన వచ్చింది. ఆ తేదీయే మనసులో పెట్టుకుని, ఇంకా పదమూడు రోజులుంది కదా, ఈలోగా పది రోజులూ పూర్తవుతాయనుకుంది. తిథి ఇంగ్లీషు తేదీని పట్టుకుని ఉండదు. అధికమాసం రాని ఏడాది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. చంద్రుడి గమనం గురించి పిల్లలకు పాఠం చెప్పే మనిషి, ఇంట్లో చంద్రుణ్ణి మరిచిపోయింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"కామేశం గారు వారం కిందటే చెప్పారు. నీకు చెప్పలేదూ? ఆఫీసు గొడవలో మరిచిపోయినట్టున్నాను. అయినా ఏటా చేసేదేగా!"

"ఎవరినైనా వంటకు పిలుద్దామండీ ఈ ఒక్కసారికి. నాకు తల ఎత్తడం కష్టంగా ఉంది."

"తద్దినం వంట బయటివాళ్ళ చేతా?" అన్నది సీతారామలక్ష్మి లోపలి గదిలోంచి. గొంతులో కోపం లేదు, నిజమైన ఆశ్చర్యమే ఉంది. "ఆయనకి నీ చేతి గారెలంటే ఎంత ఇష్టమే అమ్మాయీ!"

చనిపోయినవారికి రుచి తెలుస్తుందా అనే ప్రశ్నను ఉమాశ్రీ ఆ ఇంట్లో ఎన్నడూ అడగలేదు. మామగారు మంచివాడు. బతికున్నప్పుడు గారెలు నిజంగానే ఇష్టంగా తినేవాడు. ఆ ఇష్టం ఆయనతో పోయిందనీ, మిగిలింది గారెలు వండే పని మాత్రమేననీ ఆమె అభిప్రాయం. అభిప్రాయానికి మినప్పప్పు నానదు గనుక శనివారం లేచి ఇల్లు కడిగింది. అటకెక్కి పెద్ద గుండిగలు దింపింది. కంద చెక్కు తీసింది. నువ్వులు వేయించేటప్పుడు ఆ సెగ పడక పెరట్లోకి పరుగెత్తి రెండుసార్లు వాంతి చేసుకుంది. వెలుతురు సూదుల్లా గుచ్చుతోంది. మణిశంకర్ వచ్చి చూసి, "పడుకోకూడదూ కాసేపు?" అన్నాడు. పడుకుంటే ఆ కంద ఎవరు తరుగుతారన్నది అతని ప్రశ్నలో లేదు. అతను దయలేని మనిషి కాడు. తన మాట ఏ పని దగ్గరికి వెళ్ళి ఆగిపోతుందో చూసే అవసరం అతనికి ఎన్నడూ రాలేదంతే.

ఆదివారం తెల్లవారుజామున తలస్నానం చేసి, మడి కట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. భోక్తలు లేచేదాకా వండే మనిషి ఏమీ తినకూడదు. ఏడున్నరకు రుబ్బిన పిండిని చేత్తో గిలకొట్టబోతే చెయ్యి లేవలేదు. తలలో ఎవరో రోకటితో దంచుతున్నారు. మూకుడు రెండుగా కనిపించింది. ఒకటి నిజమైనది, ఒకటి కాదు, నూనె దేంట్లో ఉందో తెలియదు. గోడకు చేరగిలబడి అలాగే నేలమీద కూర్చుండిపోయింది.

హాల్లో మాటలు వినిపించాయి. "ఇలాగైతే పన్నెండింటికి విస్తళ్ళు పడవురా శంకరం." "ఏం చేద్దామంటావమ్మా?" తర్వాత, మడి వంట కోసం వసారాలోకి మార్చిన ఫిల్టరు మూత తీసిన చప్పుడు. ఆ చప్పుడు తాను పక్కనుండి వినడం ఇదే మొదలని ఉమాశ్రీకి తోచింది. ఎప్పుడూ అది తన చేతిలోంచే వచ్చేది.

డెబ్భై నాలుగేళ్ళ సీతారామలక్ష్మి రెండు చేతులా గ్లాసు పట్టుకుని వచ్చి ఎదురుగా చతికిలబడింది. చిక్కటి పాలు, నురుగు. ఆ రంగు చూడగానే ఉమాశ్రీకి తెలిసిపోయింది. మొదటి డికాషన్.

"తాగు తల్లీ. కాఫీకి దోషం లేదు. మీ మామగారే చెప్పేవారు. మా అత్తగారి తద్దినంనాడు నేను కళ్ళు తిరిగి పడితే, దీనికి పట్టింపు లేదు, తాగి వండమన్నారు."

నీళ్ళకున్న నియమం కాఫీకి లేకపోవడం ఏ శాస్త్రమని అడగవచ్చు. కాఫీ ఈ గడప తొక్కి నూరేళ్ళు కాలేదు. కాని నియమం ఎందుకు సడలిందో ఆ మాటలోనే ఉంది. తాగి వండమన్నారు. అత్తగారు కూడా ఈ నేలమీదే ఇలాగే కూర్చున్నదన్నమాట.

"డాక్టరు పది రోజులన్నారు అత్తయ్యగారూ. ఇవాళ మూడోది. ఇప్పుడు తాగితే మళ్ళీ మొదటి నుంచీ."

"డాక్టరు రేపూ ఉంటుందే. భోక్తలు పన్నెండింటికి విస్తళ్ళ ముందు కూర్చోవాలి."

ముసలావిడ గ్లాసును ఇంకొంచెం ముందుకు జరిపింది. బెదిరింపు లేదు, ఆజ్ఞ లేదు. ఉంటే ఎదురు చెప్పేదేమో. ఈ ఇంట్లో ఒకరు తన కోసం కాఫీ కలిపి, కూర్చున్న చోటికి తెచ్చి, తల్లీ అని పిలవడం ఇరవై నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి. ఆ పిలుపు కోసమే తాగానని ఆ తర్వాత చెప్పుకోవాలనుకుంది గాని, అదీ నిజం కాదు. గ్లాసు అందేలోపే చెయ్యి దానంతట అది వెళ్ళింది. ఆ చెయ్యి ఎవరి మాటా వినలేదు, తన మాటతో సహా.

ఇరవై నిమిషాల్లో నొప్పి వదిలింది. పదకొండు ముప్పావుకు పన్నెండు రకాలూ సిద్ధమయ్యాయి. "తృప్తిగా భోంచేశామమ్మా. గారెలు దూదిలా ఉన్నాయి," అన్నారు కామేశం గారు లేస్తూ. మణిశంకర్ వక్కపలుకు నములుతూ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. "చూశావా, తాగగానే మనిషివయ్యావు. అసలు మానాల్సిన పనేముంది ఉమా? పడకపోతే మానాలి గాని, నీకు పడుతోందిగా!"

గుండె అప్పుడే ఒక మెట్టు దాటింది. ఆమె మూకుట్లో మిగిలిన నూనె గిన్నెలోకి వంచింది.

సాయంత్రం ఆమె క్యాలెండరు ముందు నిలబడి పది రోజులు వరసగా ఖాళీ ఉన్న చోటు వెతికింది. సోమవారం నుంచి యూనిట్ పరీక్షలు, ఆ వెంటనే పేపర్లు దిద్దడం. ఆ తర్వాత అత్తగారికి కంటి ఆపరేషన్. అటుపైన దసరా, ఆడపడుచు కుటుంబం తొమ్మిది రోజులు. కార్తీకమంతా అభిషేకాలు. డిసెంబరులో అత్తగారి అత్తగారి తద్దినం. పుట ఒక్కొక్కటే తిప్పి చివరి అట్ట దాకా వచ్చి, మళ్ళీ ఈ నెలకు తిప్పేసింది.

శుక్రవారం ఆస్పత్రికి వెళ్ళింది. "ఏంటి, పది రోజులు కాలేదుగా?" అన్నది సత్యకుమారి.

"కాలేదండి. ఇలాగే మెషిన్ పెట్టేయండి."

"ఇంత చదువుకున్నారు, పది రోజులు మానలేకపోయారా?"

"మానగలనండి. రెండు రోజులు మానాను. మా ఇల్లే ఉండలేకపోయింది."

డాక్టరు చీటీ రాసింది. నర్సు రమ్యశ్రీ ఛాతీ మీద వైర్లు అతికించి, నడుముకు చిన్న పెట్టె కట్టి, "రోజూ చేసే పనులన్నీ చేసుకోండి మేడమ్. ఏదీ మానొద్దు," అని చెప్పింది.

ఇంటికి వచ్చే ఆటోలో చీర కుచ్చిళ్ళ కింద ఆ పెట్టె గుచ్చుకుంటోంది. ఫలితం ఎలా రావాలో ముందే కోరుకునేవాడు ప్రయోగానికి పనికిరాడని ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు చెబుతోంది. ఇవాళ ఆమె కోరుకుంది. ఈ పెట్టెకు ఏదో ఒకటి దొరకాలి. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, డాక్టరు సంతకం పెట్టగలిగిన జబ్బు. ప్రాణం తీసేంతది అక్కర్లేదు. పది రోజులు మంచం మీద ఉంచేంతది చాలు.