జోడీకి ఒకే చెయ్యి

ట్రాక్టర్ మీంచి అప్పలరాజు బెల్లం దిమ్మ వదిలాడు. కింద సన్యాసిరావు తల ఎత్తకుండానే అందుకున్నాడు. మోకాళ్ళు కొంచెం వంచి, బరువుని పొట్టకి ఆనించుకుని, పక్కకి తిరిగి వరసలో పెట్టాడు. ఇటు తిరిగేసరికి ఇంకో దిమ్మ సిద్ధం. ఇద్దరి మధ్యా మాటుండదు, చూపుండదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో సరుకు దించే కళాసీలుగా చేరిన నాటినుంచీ పైన అప్పలరాజు, కింద సన్యాసిరావు. దిమ్మ నేల మీద పడితే బద్దలవుతుంది. బద్దలైతే వేలంలో ధర పడిపోతుంది, రైతు నోటికొచ్చినట్టు తిడతాడు. ఈ జోడీ పడేసిన దిమ్మ మాత్రం ఇంతవరకూ లేదు.

సన్యాసిరావుని ఒకసారి చూసి గుర్తుపెట్టుకోవడం కష్టం. పొట్టి మనిషి. మోసి మోసి మెడ భుజాల్లోకి దిగిపోయింది. జుట్టు నెరిసిందో, దుమ్ము పట్టిందో చెప్పలేం. అరచేతులు మాత్రం మనిషికి మించినవి. వాటి గీతల్లో బెల్లం ఇంకిపోయి, ఎంత తోమినా జిగురు వదలదు. ఈగలు ముందు ఆ చేతుల మీద వాలి, ఆ తర్వాతే దిమ్మల మీదకి పోతాయి. ఎవరికేం కావాలన్నా అప్పలరాజునే అడుగుతారు. "మీ జోడీ రేపు వత్తారేటి?" అంటే "వత్తాం" అంటాడు. "టీ తాగుతారా?" అంటే "తాగుతాం" అంటాడు. ఆ జవాబుల్లో సగం సన్యాసిరావువే అయినా, అతన్ని ఎవరూ అడిగిందీ లేదు, అతను కాదన్నదీ లేదు.

అలాంటిది ఇవాళ పొద్దున్నించీ లోకం తలకిందులైంది. అందరూ పనిగట్టుకుని అతన్నే పలకరిస్తున్నారు. సంఘం ప్రెసిడెంటు నానాజీ అయితే స్వయంగా టీ గ్లాసు పట్టుకొచ్చాడు.

"సన్యాసిరావు మావా, నీ మనసులో ఏటుందో సెప్పు" అన్నాడు.

సన్యాసిరావు కంగారుపడిపోయాడు. మనసులోనా? వెతుక్కుంటే అక్కడేమీ దొరకలేదు. టీ తాగేసి గ్లాసు ఇచ్చేశాడు.

కారణం లేకపోలేదు. వేలం అయ్యాక మధ్యాహ్నం సంఘం మీటింగు. నానాజీని దించెయ్యాలని తీర్మానం. రాష్ట్రంలో జెండా మారి ఏడాది దాటింది. పైనెక్కడో జెండా మారితే కింద కుర్చీలన్నీ కదలాలి కదా, కళాసీల సంఘం మాత్రం ఏం పాపం చేసింది? నానాజీది పాత జెండా, అతని కుర్చీ మీద కన్నేసిన ధనరాజ్‌ది కొత్త జెండా. అయితే జెండా పేరు చెప్పి మనిషిని దించితే బాగుండదు. నేరం ఒకటి కావాలి. వెతగ్గా వెతగ్గా ధనరాజ్ మనుషులకి ఒకటి దొరికింది: నానాజీ సంఘం గది తాళంచెవి రోజూ ఇంటికి పట్టుకుపోతున్నాడట!

ఇది విన్నప్పటినుంచీ సన్యాసిరావుకి ఒకటే వింత. తాళంచెవి ఇంటికి కాక ఇంకెక్కడికి పట్టుకెళ్తారు? టీ వేళ చల్లగా వెళ్ళి ఆ గది ముందు నిలబడ్డాడు. తాళం పట్టుకుని లాగి చూశాడు. చెవి అక్కర్లేకుండానే ఊడి చేతిలోకొచ్చింది. తలుపు తోసి తొంగిచూశాడు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, తిరగని ఫ్యానూ ఉన్నాయి. దీనికోసమా ఇంత రభస అనుకుని, తాళం మళ్ళీ నొక్కేసి వచ్చాడు.

ఈ సంఘంలో పెద్దల నాటినుంచీ ఒక కట్టుబాటుంది. జోడీకి ఒకే చెయ్యి. ఓటు వేసేటప్పుడు బండి మీద నిలబడేవాడు కిందవాడి చెయ్యి పట్టుకుని పైకెత్తాలి. రెండు చేతులూ కలిసి లేస్తే ఒక ఓటు. కలవకపోతే ఓటూ లేదు, ఆ పూటతో జోడీ కూడా లేదు. చెయ్యి కలవనివాళ్ళ మధ్య దిమ్మ పడి తీరుతుందని వాళ్ళ నమ్మకం. ఇప్పుడు లెక్క చూస్తే రెండు పక్షాలూ సమానంగా ఉన్నాయి. నానాజీ దిగాలంటే ఇంకొక్క చెయ్యి కావాలి. ఎటూ తేల్చకుండా మిగిలింది ఈ జోడీయే.

నిజానికి అప్పలరాజు ఎటో మార్కెట్టంతటికీ తెలుసు. అతని కూతురు కుమారిని మొగుడు వదిలేశాడు. పిల్లతో పుట్టింట్లోనే ఉంటోంది. వాళ్ళ ఊళ్ళో అంగన్‌వాడీ ఆయా పోస్టు ఖాళీగా ఉంది. నానాజీని దించితే అది కుమారికే అని ధనరాజ్ మాటిచ్చాడు. కుమారి సన్యాసిరావు ఎత్తుకుని ఆడించిన పిల్ల. భార్య మరిడమ్మ పోయాక, అతన్ని ప్రేమగా "మావా" అని పిలిచే గొంతు అదొక్కటే. మరి ఇందులో ఆలోచించడానికేముంది? ఏమీ లేదు. అయినా సన్యాసిరావు ఒకటి కనిపెట్టి చూస్తున్నాడు. బావ అప్పలరాజు తనని ఒక మాట అడుగుతాడా, అడగడా?

అడిగితే "అలాగే బావా" అనాలని సిద్ధంగా ఉన్నాడు. ఆ మాట నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ దిమ్మలు అందుకుంటున్నాడు. ఇన్నేళ్ళలో లేని ఈ కోరిక ఇవాళెందుకు పుట్టిందో అతనికే తెలీదు. పొద్దున్నించీ ఒకరి తర్వాత ఒకరు అడిగిపోతుంటే రుచి మరిగాడేమో పాపం!

ధనరాజ్ వచ్చి ట్రాక్టర్ పక్కన నిలబడ్డాడు. "అప్పల్రాజు మామా, మీ జోడీ మాదే కదా?"

"ఇంకా అడుగుతావేటి? మీదే."

సన్యాసిరావు చేతిలో దిమ్మ ఉండగానే తలెత్తి చూశాడు. అప్పలరాజు అప్పటికే వంగి ఇంకో దిమ్మ లేపుతున్నాడు.

"బావా, ఇవాళ మీటింగు కదా" అన్నాడు సన్యాసిరావు, దారి చూపిస్తున్నట్టు.

"ఊ. బేగి కానీ."

పని అయ్యాక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ మళ్ళీ కదిపి చూశాడు. "బావా, ఆ గది తాళం లాగితే వచ్చేత్తంది. నాను సూసేను."

"ఆ గోలంతా నీకెందుకు బావా? నానున్నాను కదా!" అని అప్పలరాజు తడిచేత్తో అతని వీపు మీద తట్టాడు. కోపంగా కాదు, ప్రేమగానే అన్నాడు. అందుకే సన్యాసిరావుకి ఎక్కడో కలుక్కుమంది. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పొచ్చు.

మీటింగు వేలం గట్టు మీదే జరిగింది. ఎవరో నేరం చదివారు. తాళంచెవి అన్న మాట దగ్గర కొందరు నవ్వు ఆపుకున్నారు. ఒక్కో జోడీనీ పిలుస్తున్నారు. లేచిన చేతులకి ఒకవైపు ఈలలు, లేవని చేతులకి రెండోవైపు చప్పట్లు. ఆఖరున వీళ్ళ పేర్లు పిలిచారు.

అప్పలరాజు ధనరాజ్ వైపే చూస్తూ, వెనక్కి తిరక్కుండా చెయ్యి చాచి సన్యాసిరావు మణికట్టు పట్టుకున్నాడు. సన్యాసిరావు తన చేతిని ఎవరిదో చూస్తున్నట్టు చూశాడు. ఇదేం చేస్తుందా అని నిజంగానే ఆత్రంగా చూశాడు. అది చిన్నగా మెలితిరిగింది. జారి బయటికి వచ్చేసింది. అప్పలరాజు చెయ్యి ఒక్కటే పైకి లేచింది.

"తీర్మానం పోయింది!" అని ఎవరో కేక పెట్టారు. ఈలలు మిన్నుముట్టాయి. అప్పలరాజు ఆ చెయ్యి దించడం మర్చిపోయి ఇటు తిరిగాడు.

"ఏటి బావా ఇది? ముందు ఒక్క మాట సెప్పొచ్చు కదేటి?"

"నువ్వు అడగనేదు బావా."

"నిన్ను కూడా అడగాలేటి?" అన్నాడు అప్పలరాజు. వెటకారం కాదు. నిజంగానే తెలియక అడిగాడు. జవాబు కోసం కాసేపు ఆగాడు కూడా. ఈలోగా జనం మధ్యలోకి వచ్చి పడ్డారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా తమాషా. నానాజీ మెడలో వేసిన దండ వాడకముందే ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి కొత్త జెండా నాయకుడు దిగాడు. నానాజీ వంగి అదే జెండా కండువా కప్పించుకున్నాడు. పక్కన నిలబడి చప్పట్లు కొట్టినవాడు ధనరాజ్. వైస్ ప్రెసిడెంటు పదవి అతనికట. కారు రావాలని ఎప్పుడు అనుకున్నారో, ఎవరు అనుకున్నారో ఎవరికీ తెలీదు.

నానాజీ గుంపులోంచి వచ్చి సన్యాసిరావుని కావలించుకున్నాడు. "మావా, నీ వల్లే నిలబడ్డాను. నీకేటి కావాలో అడుగు."

"మా కుమారికి ఆ ఆయా పోస్టు ఇప్పించండి బాబూ."

నానాజీ చెవి గోక్కున్నాడు. "అది ధనరాజ్ మరదలికని ఇప్పుడే మాటైపోయింది మావా. ఇంకేటైనా అడుగు."

"ఇంకేటీ నేదు బాబూ."

కాళ్ళీడ్చుకుంటూ ట్రాక్టర్ దగ్గరికి వచ్చాడు. పైన ఎవరూ లేరు. గట్టు పక్కన టీ అమ్మే నూకరత్నం గ్లాసులు కడుగుతూ చెప్పింది. "అప్పల్రాజన్న ఎల్లిపోనాడు. రేపట్నుంచి రాంబిల్లి కాడ కంపెనీలో లోడింగు పనికట. ఆటో ఎక్కేసేడు."

"నాకేటైనా సెప్పమన్నాడేటి?"

"ఏటీ సెప్పనేదు."

సన్యాసిరావు చతికిలపడ్డాడు. అయ్యో, ఎంత పని చేశాను, ఆ పిల్ల నోటి దగ్గర కూడు తీసేశాను అనుకున్నాడు. ఆ వెంటనే, బావ మళ్ళీ అలాగే చెయ్యి పట్టుకుంటే మళ్ళీ అలాగే లాక్కుంటాననీ తెలిసింది. రెండూ నిజమే కావడం అతనికి వింతగా తోచింది. జిగురు చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఏడుపు ఆగాక గట్టు వైపు చూశాడు. కుమారి రోజూ ఇద్దరికీ కలిపి రెండు గిన్నెల క్యారేజీ కట్టి పంపుతుంది. అప్పలరాజు తన గిన్నె పట్టుకుపోయాడు. రెండో గిన్నె, మూత గట్టిగా నొక్కి, చీమలు చేరకుండా చుట్టూ నీళ్ళు పోసి, గట్టు మీద పెట్టి ఉంది. ఆ నీళ్ళు ఇంకా ఆరలేదు.