నైలాన్ పొడి

ఎర్ర పొడి రెండో బస్తా జల్లెడలో పోసేసరికి ఆమెకు దగ్గు తెర వచ్చింది. జల్లెడ అంచును పొట్టకు ఆనించుకుని, అది తగ్గేదాకా నిలబడి, మళ్లీ ఊపసాగింది. నైలాన్ దారాన్ని కంటికి ఆననంత సన్నగా తరిగితే వచ్చే పొడి అది. జిగురు రాసిన అట్ట మీద చల్లితే మఖమల్‌లా నిలబడుతుంది. నగల పెట్టెల్లో పరిచేది ఆ అట్టల్నే. పద్దెనిమిదేళ్లుగా ఆ పొడి జల్లించడమే ఆమె పని. కార్ఖానాలో అందరికీ ఆమె జల్లెడక్క.

కనుబొమల మీద, చెవుల వెనక, మెడ ముడతల్లో ఎరుపు. "ఇవాళ ఏ రంగు నడుస్తోందో నేను ముక్కు చీదితే తెలిసిపోతుంది" అని అందరినీ నవ్వించేది. ఈమధ్య నవ్వితే ఊపిరి అందడం లేదు. ఆ మాట అనడం మానేసింది.

గది అవతలి మూల ఆమె చెల్లెలు జల్లిస్తోంది. మొగుడు వదిలేస్తే, మూడేళ్ల కిందట తనే చెయ్యి పట్టుకుని తెచ్చి చేర్పించింది. ఇప్పుడు చెల్లెలు తల పక్కకు తిప్పి పొడిగా రెండుసార్లు దగ్గింది. జల్లెడక్క చేతులు ఆగిపోయాయి. తనకూ సరిగ్గా అలాగే మొదలైంది.

"ఈ ప్లాస్టిక్ దుమ్ము లోపలికి పోతే కరగదమ్మా. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయి. ఇక ఆ గదిలోకి వెళ్లకు" అన్నాడు పోయిన వారం డాక్టరు. ఆ సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు.

భోజనాల వేళ, రెండుచోట్ల గోడ పట్టుకుని ఆగుతూ, మేనేజరు దగ్గరికి వెళ్లింది. దగ్గు సంగతి ఎత్తితే ఇద్దరినీ ఇంటికి పంపేస్తాడు. దారిలోనే మాట కూర్చుకుంది.

"మా చెల్లికి జల్లెడ కుదరట్లేదు సార్. పొడి ఒలకబోస్తోంది. ప్యాకింగ్‌లో వెయ్యండి."

"అక్కడ ఉన్నది ఒక్క ఖాళీ. నాకే కావాలని నెల రోజులుగా నా ప్రాణం తీస్తున్నావు కదా?"

"దానికే ఇవ్వండి."

"మరి నువ్వో?"

"నాకు ఈ పని అలవాటే కదండీ."

మేనేజరు వచ్చి, పొడి ఒలకబోస్తున్నావట, రేపటి నుంచి ప్యాకింగ్‌కి వెళ్లు అని నలుగురి ముందు చెల్లెలికి చెప్పాడు. ఆమె ముఖం మాడిపోయింది. సాయంత్రం చేతులు కడుక్కునే చోట అక్కను నిలదీసింది.

"నేనెప్పుడు ఒలకబోశానే? అందరిలో నా పరువు తీశావు."

"నీకు దగ్గు ఎన్నాళ్ల నుంచీ?"

"మాట మార్చకు."

జల్లెడక్క ఏదో చెప్పబోయింది. మాటకు ముందే దగ్గు వచ్చింది. అది తగ్గేసరికి చెల్లెలు గేటు దాటింది.

బస్సులో చెల్లెలు ముందు సీట్లో కూర్చుంది. జల్లెడక్క ఎలాగో ఎక్కి, వెనక కిటికీ పక్కన కూలబడింది. దారి పొడవునా చెల్లెలు వెనక్కి తిరగలేదు. దిగాల్సిన చోటు వచ్చాక మాత్రం మనసు ఒప్పుకోలేదు. వెనక్కి నడిచింది.

"అక్కా, లే. మన స్టాపు."

అద్దానికి తల ఆనించి నిద్రపోతున్నట్టే ఉంది. భుజం తట్టింది. తల ఒక పక్కకు ఒరిగింది. ఒళ్లో వాలిన అరచేతిలో రెండు టికెట్లు, చెల్లెలిదీ తనదీ, ఒకదానిలో ఒకటి మడిచి ఉన్నాయి.