పెట్టెలో పెట్టిన బరాత్

తెల్లవారుజాము నుంచి ఆకాశం ఉరుముతూనే ఉంది, చినుకు మాత్రం రాలలేదు. పొద్దెక్కినా తాండూరు మీద మబ్బు నల్లబండ పరిచినట్టు కదలకుండా ఉంది. ముందు గదిలో కరీముద్దీన్ గొంతుక్కూర్చుని, పెళ్ళిళ్ళలో పాటలు వాయించే కీబోర్డు వెనక వైరు దూరుస్తున్నాడు. ఐదు సూదుల గుండ్రటి పిన్ను. తొందరపడి నొక్కితే సూది వంగుతుంది. ఒక కొన కీబోర్డుకు, రెండో కొన కంప్యూటర్‌కు. కంప్యూటర్ నుంచి ఒక వైరు టీవీకి, ఇంకొకటి టేప్‌రికార్డర్‌కు.

మీటల మీద అరబ్బీ అక్షరాలున్న ఆ కంప్యూటర్ పెట్టెను కువైట్ నుంచి బావ ముర్తుజా తెచ్చాడు. సెలవంతా కరీముద్దీన్‌ను కూర్చోబెట్టి నేర్పి, నిన్ననే వెళ్ళిపోయాడు. కీబోర్డు మీద ఏ వేలు ఎప్పుడు పడిందో, ఎంతసేపు ఆగిందో పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. కరెంటు పోతే మరిచిపోతుంది. అందుకని వాయించడం కాగానే క్యాసెట్‌లోకి దించాలి. ఆ క్యాసెట్‌ను మళ్ళీ పెట్టెలోకి ఎక్కిస్తే, మనిషి లేకుండా కీబోర్డు తనంతట తాను మోగుతుంది.

ఆ చివరి మాటే అన్న చాంద్‌పాషాకు పట్టింది. బ్యాండు మేళం అతనిది. కీబోర్డు వాయించే చేతులు మాత్రం తమ్ముడివి.

"బరాత్ కాడికెల్లి రుఖ్సతీ దాకా మొత్తం పెట్టెల వెట్టు. వెట్టినంక యాడికన్న పో" అన్నాడు రాత్రి.

పోయే చోటు కరీముద్దీన్‌కు ఉంది. వికారాబాద్‌లో హార్మోనియంలు బాగుచేసే ఏసుదాసు తన దుకాణానికి రమ్మన్నాడు. అక్కడ బరిగె లేదు.

ఈ ఇంట్లో ఉంది. వాయించేటప్పుడు తప్పు సుర్ పడితే బరిగె పడాలన్నది అబ్బా పెట్టిన ఆచారం. చింత బరిగె, పచ్చిది. అబ్బా చేతి దెబ్బకే చాంద్‌పాషాకు ఎడమ చెవి వినబడకుండా పోయింది. అబ్బా పోయాక బరిగె పెద్దకొడుకు చేతికి వచ్చింది. ముప్పై దాటినా కరీముద్దీన్ వేళ్ళ కణుపులు కందిచేను కోసే కూలివాడి అరచేతుల్లా కాయలు కట్టి ఉన్నాయి. వాయించేటప్పుడు కుడి భుజం దానంతటదే చెవి దాకా లేస్తుంది. పెళ్ళిళ్ళలో చూసినవాళ్ళు అది అతని స్టయిల్ అనుకుంటారు.

"షురూ చెయ్యి" అన్నాడు చాంద్‌పాషా, వెనక నిలబడి.

బరాత్ పాట ఎత్తుకున్నాడు. గుర్రం నడకలా సాగింది. రెండో చరణంలో వేలు పక్క మీట మీద జారింది. బరిగె పడింది. ఆగితే మళ్ళీ మొదటి నుంచి వాయించాలి గనక ఆగలేదు. గోటి మొదట్లో రక్తం చిమ్మి తెల్లమీట మీద పడింది. దాని మీదనే వాయించాడు. పెళ్ళికూతుర్ని సాగనంపే రుఖ్సతీ పాటకు వచ్చేసరికి వేళ్ళు ఉబ్బి, మీటలు సరిగా తెలియడం లేదు. అక్కడ రెండు దెబ్బలు. ఒకటి చేతికి, ఒకటి మెడకు. అయినా చివరిదాకా వాయించి, టేప్‌రికార్డర్ నొక్కి, క్యాసెట్‌లోకి దించాడు. దించడం అయిందని టీవీ మీద అక్షరాలు వచ్చాయి. అంతలో పెద్ద ఉరుము. టీవీ చచ్చిపోయింది.

"కరెంటు వోయినా ఫికర్ లేదు భయ్యా. క్యాసెట్‌ల వడ్డది" అని కరీముద్దీన్ లేచి పెరట్లోకి పోయాడు.

వదిన ఇస్మత్ చెంబుతో నీళ్ళు పోసింది. పసుపు అద్దింది. ఆ వేళ్ళకు పసుపు అద్దడం ఆమెకు పెళ్ళయిన ఏటి నుంచీ ఉన్న పనే.

ముందు గదిలోకి డోలు కొట్టే భీమప్ప వచ్చాడు. రేపు కోట్‌పల్లిలో పెళ్ళి. అతనికి వినిపించాలని చాంద్‌పాషా టేప్‌రికార్డర్‌లో బ్యాటరీలు వేసి, క్యాసెట్ నొక్కాడు.

పాట రాలేదు. ఇనుమును ఇనుముతో గీరినట్టు ఒకటే కీచు. ఇల్లంతా కోసేసింది. భీమప్ప చెవులు మూసుకుని పగలబడి నవ్వాడు.

"గిదేంది ఉస్తాద్! బరాత్ అంటివి, బండలు కోసే మిషిన్ లెక్కున్నది. గీ పాటకు పెండ్లికొడుకు గుర్రం దిగి ఉరుకుతడు!"

చాంద్‌పాషా నవ్వలేదు. మెడ నరం లేచింది.

"కరీమ్!"

కరీముద్దీన్ రావడంతోనే అతని జుట్టు అన్న పిడికిట్లో ఉంది.

"నా ఇజ్జత్ తోటి ఆడుతున్నవ్ రా? పోతపోత గిది నింపి పోతవా?"

"గది గట్లనే ఇనవడ్తది భయ్యా. గది పెట్టె భాష. పెట్టెలకు ఎక్కిస్తేనే..."

నోటి మీద దెబ్బ పడింది. పన్ను పెదవిలో దిగింది.

"చెయ్యి వెట్టు."

చెయ్యి పెట్టడమంటే గడప బండ మీద. అది కూడా అబ్బా ఆచారమే. కరీముద్దీన్‌ను ఎవరూ పట్టుకోలేదు. తనే కూర్చుని, కుడి చెయ్యి బండ మీద పరిచాడు. చిన్నప్పటి నుంచీ అలవాటు. భీమప్ప నవ్వు ఆగిపోయింది. "ఇడువు ఉస్తాద్, జర ఇడువు" అంటూ అడ్డం వచ్చి మోచేతి పోటు తిన్నాడు. బరిగె తిరగేసి, లావు కొనతో కొట్టాడు చాంద్‌పాషా. మూడో దెబ్బకు చిటికెన వేలు పుల్ల విరిగినట్టు చప్పుడు చేసింది. పెరట్లోంచి ఇస్మత్ కేక వేసింది. కరీముద్దీన్ వెయ్యలేదు.

మధ్యాహ్నం కరెంటు వచ్చింది.

కరీముద్దీన్ గుడ్డ చుట్టిన కుడిచేతిని రొమ్ముకు ఆనించుకుని, ఎడమ చేత్తో ఒక్కొక్క వైరే మళ్ళీ తగిలించాడు. క్యాసెట్ వెనక్కి తిప్పి, పెట్టెలోకి ఎక్కించాడు. ఒక మీట నొక్కి, దూరంగా గోడకు చేరగిలబడ్డాడు.

ఎవరూ ముట్టని కీబోర్డు మోగింది.

గుర్రం నడక. భీమప్ప నోరు తెరిచాడు. చాంద్‌పాషా వినే చెవి అటు తిప్పాడు. తల కొద్దిగా ఊగింది. రెండో చరణంలో సుర్ జారింది, ఉలిక్కిపడ్డట్టు ఒక క్షణం తెగి, మళ్ళీ అందుకుంది. బరిగె చప్పుడు అందులో లేదు. అయినా గదిలో అందరికీ అది వినబడింది. అక్కడి నుంచి పాట కుంటుతూ నడిచింది. రుఖ్సతీలో ఒకసారి తెగింది. ఇంకోసారి తెగినప్పుడు చాంద్‌పాషా భుజం దానంతటదే చెవి దాకా లేచింది.

"ఆపుదమా ఉస్తాద్?" అన్నాడు భీమప్ప మెల్లగా.

"ఉండనీ."

చివరిదాకా విన్నాడు. బరిగె ఎప్పుడు కింద పడిందో అతనికి తెలియదు.

ఇస్మత్ అన్నానికి దస్తర్ఖాన్ గుడ్డ పరిచింది. జొన్నరొట్టెలు, కందిపప్పు, ఉల్లిగడ్డ. నలుగురూ కూర్చున్నారు. వాన మొదలైంది. కరీముద్దీన్ ఎడమ చేత్తో రొట్టె పట్టుకుని చూశాడు. ఒంటి చేత్తో అది తెగలేదు. చాంద్‌పాషా తమ్ముడి పళ్ళెం తన వైపు లాక్కున్నాడు. రొట్టెను చిన్న చిన్న ముక్కలుగా తుంచి, పప్పులో అద్ది, ఒక పక్కగా పేర్చి, పళ్ళెం వెనక్కి జరిపాడు. తల ఎత్తలేదు. కరీముద్దీన్ కొన్ని తిన్నాడు. నమలడానికి పెదవి సహకరించలేదు.

వికారాబాద్ పాసింజర్ కూత వినబడింది. కరీముద్దీన్ లేచి, మూలనున్న సంచి ఎడమ భుజానికి తగిలించుకుని, గడప దాటి వానలోకి పోయాడు. ముగ్గురూ అలాగే తింటూ ఉన్నారు. అతని పళ్ళెంలో, అన్న తుంచి పెట్టిన రొట్టె ముక్కలు సగం మిగిలి, పప్పులో నానుతున్నాయి.